సంరక్షణ సహాయకులు (తిరుత్తణి ప్రాంతము): పని పరిస్థితులు

శిశువులను, వృద్ధులను, దీర్ఘవ్యాధిగ్రస్తులను, వికలాంగులను కనిపెట్టియుండి, స్నానము, భోజనము, ఔషధసేవనము మున్నగు నిత్యకృత్యములయందు వారికి తోడ్పడుచు, ఆ తోడ్పాటునే జీవనాధారముగా గొన్నవారు సంరక్షణ సహాయకులు. వైద్యులును, శాసనబద్ధముగా పేరు నమోదైన నర్సులును ఈ వర్గమున చేరరు. అంగన్‌వాడీ కార్యకర్తలు, వారి కడ పనిచేయు ఆయాలు, గ్రామమున ఇల్లిల్లు తిరుగు ఆరోగ్య కార్యకర్తలు, ఆసుపత్రి ఆయాలు, ఇండ్లలో రోగుల ప్రక్కనుండు హోమ్‌నర్సులు, అరబ్బు దేశముల గృహములలో పిల్లలను, ముసలివారిని సాకు స్త్రీలు ఇందు చేరుదురు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ప్రకటించిన నివేదిక ననుసరించి, ప్రపంచమున ప్రతిఫలము గొని సంరక్షణవృత్తులలో నున్నవారు 38.1 కోట్లు, వారిలో 24.9 కోట్లమంది స్త్రీలు. ఉపాధ్యాయులు, వైద్యులు, గృహకార్మికులు సైతము ఈ లెక్కలో చేరియుండుటచే దీనిని కేవల సహాయకుల సంఖ్యగా గ్రహింపరాదు.

ప్రదేశము

తిరుత్తణి తమిళనాడునందలి తిరువళ్ళూరు జిల్లాలో నొక తాలూకా. ఇది పూర్వము ఆంధ్రప్రదేశమునందలి చిత్తూరు జిల్లాలోనిది. అది మద్రాసు రాష్ట్రమునకు మారిన సంవత్సరము కొన్ని గ్రంథములలో 1959 గాను, మఱికొన్నింటిలో 1960 గాను కాననగును. సరిహద్దు వివాదమున మధ్యవర్తియైన పటాస్కర్ నిర్ణయము ననుసరించి సరిహద్దుల మార్పు చట్టము 1959లో ఆమోదము పొందగా, అది 1960 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చినది కావున, రెండవ సంవత్సరమునే గ్రహించుట యుక్తము. ఈ సరిహద్దు ప్రస్తుత విషయమున కేవలము చారిత్రకాంశము గాదు. ఇంట తెలుగును, కచేరీలో తమిళమును వాడు కుటుంబములు ఈ సీమలో నేటికిని పెక్కులుండుటచే, ముసలమ్మ బాధను తెలుగున విని రిజిస్టరులో తమిళమున వ్రాయుట యిచ్చటి సహాయకురాలి పనిలో నొక భాగమైనది. అంతకుమించి, తిరుత్తణి వైపున ఒక వేతనపద్ధతియు, సరిహద్దునకావల ఆంధ్రప్రదేశమునందలి నగరి వైపున మఱియొక పద్ధతియు ఏర్పడినవి.

పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పము మొదలగు చోట్ల మరమగ్గములు, శ్రీపెరుంబుదూరు పరిసరముల కర్మాగారములు, చెన్నైకి పోవు రైళ్ళు ఈ ప్రాంతపు యువజనమునకు ఆధారములు. పనివయసువారు పగలెల్ల ఇంట లేకుండుటచే, పసివారిని, వృద్ధులను చూచుకొను భారము ఇంట మిగిలిన స్త్రీలపైనను, కూలికి వచ్చు స్త్రీలపైనను పడుచున్నది.

అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు

సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ప్రయోగాత్మకముగా ఆరంభమైనది. తమిళనాడులో దీనికి తోడు 1980లో ప్రపంచబ్యాంకు సహాయముతో పోషకాహార పథకమొకటియు, 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము ప్రారంభించిన పోషక భోజన పథకమును వచ్చి చేరినవి. ఈ మూటిలో నేటి కేంద్రములకు మూలమేదియను విషయమున అభిప్రాయభేదము గలదు. భవనములకు, వంటపద్ధతికి భోజన పథకమును, రిజిస్టర్లకు, తూకములకు కేంద్రపథకమును మూలములని చెప్పుట సత్యమునకు దగ్గరగా నుండును.

ఆయా దినచర్యను గమనించినచో పని స్వరూపము తెలియును. ఉదయము కేంద్రము తలుపు తీసి, ఊడ్చి, నీరు పట్టి, ఇండ్లకు పోయి పిల్లలను చేతులు పట్టుకొని తోడ్కొనివచ్చును. పొయ్యి వెలిగించి కలుపన్నము వండును. గ్రుడ్లిచ్చు దినములందు గ్రుడ్లుడికించి, పెంకు తీసి, ఎవరి పళ్ళెములో వారికి వడ్డించును. బట్టలు తడుపుకొన్న పిల్లలను కడిగి, నిద్రపుచ్చి, పాత్రలు తోమి, సాయంకాలము పిల్లలను ఇండ్లకు చేర్చిన పిదపగాని ఆమె పని తీరదు. కార్యకర్త పిల్లలను తూచి ఎదుగుదల పట్టికలో గుర్తించుట, గర్భిణులకు, బాలింతలకు సత్తుమావు అను పోషకపిండిని పంచుట, పాఠము చెప్పుటయే గాక, 2021 నుండి పోషణ్ ట్రాకర్ అను ఫోను ఆప్‌లో ప్రతి వివరమును ఎక్కింపవలసియున్నది. సంకేతము చిక్కని గ్రామములలో ఈ తుదిపని రాత్రి ఇంటికి తరలుట సాధారణము. ఆ గంటలు ఏ లెక్కలోను చేరవు.

తమిళనాడులో కార్యకర్తకు 7,700 – 24,200 రూపాయలు, చిన్న కేంద్రపు కార్యకర్తకు 5,700 – 18,000, ఆయాకు 4,100 – 12,500 అను ప్రత్యేక వేతనశ్రేణి గలదు; నియామకము పొందిన తొలి సంవత్సరము కనిష్ఠ మొత్తమునే యిత్తురు. ఆంధ్రప్రదేశమున వేతనశ్రేణి లేదు. 2023 నాటికి కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయల గౌరవవేతనము. కొత్తగా చేరినవారి విషయమున ఆంధ్రప్రదేశపు మొత్తము హెచ్చుగా కనబడునుగాని, ఏటేట పెరుగు శ్రేణి లేనందున, దీర్ఘకాలము సేవచేసినవారికి తమిళనాడు పద్ధతియే మేలనవచ్చును. ఒకే గరిటెకు సరిహద్దున కిరువైపుల రెండు వెలలు గట్టుట న్యాయమనిపించుకొనదు.

గ్రామారోగ్య కార్యకర్తలు

2021 ఆగస్టు 5వ తేదీన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజలను వెదకివచ్చు వైద్యము) అను పథకమును ప్రారంభించిరి. స్వయంసహాయక సంఘముల నుండి ఎన్నికైన స్త్రీలు రక్తపోటు యంత్రమును, చక్కెర పరీక్షించు పరికరమును సంచిలో వేసికొని ఇల్లిల్లు తిరిగి, రక్తపోటు, మధుమేహము గలవారిని గుర్తించి, మాత్రలను వాకిటికి చేర్తురు. మంచము పట్టిన రోగులకై బ్లాకునకొక ఉపశమన చికిత్స నర్సును, ఫిజియోథెరపిస్టును వాహనముపై వత్తురు. ఈ పథకమునకు 2024లో ఐక్యరాజ్యసమితి విభాగముల సంయుక్త పురస్కారము లభించినది. ఆ పురస్కారమునకు పాదచారులై కారణభూతలైన స్త్రీల కారంభమున నిర్ణయించిన ప్రోత్సాహకము నెలకు 4,500 రూపాయలు. వారిని ఉద్యోగినులుగా గాక స్వచ్ఛంద సేవికలుగా పరిగణించుటచే, సెలవు, పింఛను, ప్రమాద పరిహారము మున్నగునవి హక్కులుగా సంక్రమింపవు. దేశవ్యాప్తముగా 2005లో ఆరంభమైన ఆశా కార్యకర్తల స్థితియు దాదాపిట్టిదే. వారికి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కారము జరిగినను, పెక్కు రాష్ట్రములలో పనివారీ ప్రోత్సాహక పద్ధతియే కొనసాగుచున్నది.

ఇండ్లలో రోగిసేవ

ఈ వృత్తి పరిస్థితులను గూర్చిన లిఖితాధారములు స్వల్పములు. ఏజెన్సీల ద్వారమున నగరమునకు పోవు స్త్రీలు పండ్రెండు గంటల వంతునగాని, రాత్రింబవళ్ళు ఆ యింటనే యుండుటగాని ఒప్పుకొందురు. కుటుంబమిచ్చు సొమ్ములో ఏజెన్సీ వాటా పోగా మిగిలినదే వారి జీతము. పక్షవాతరోగిని శయ్యావ్రణములు కలుగకుండ సుమారు రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెనన్నది వైద్యశాస్త్ర నియమము. ఈ నియమమును పాటించు సహాయకురాలికి రాత్రి వరుసగా రెండు గంటలకు మించిన నిద్ర దొరకదు. తనకంటె బరువైన శరీరమును దినమునకు పలుమార్లు ఒంటిగా లేవదీయుటచే నడుమునొప్పి వృత్తివ్యాధియగుచున్నది. మూత్రపు సంచి మార్చుట, గొట్టము ద్వారా ఆహారమిచ్చుట వంటి నర్సుల పనులు సైతము శిక్షణ చాలనివారిపై పడుట కలదు. నైపుణ్య శిక్షణ పథకములలో హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంటు అను స్వల్పకాలిక శిక్షణలున్నను, ఆ ధ్రువపత్రము లేనిదే పనిచేయరాదను కట్టడి లేదు.

ఇట్టి గృహసేవకై కువైటు మొదలగు అరబ్బు దేశములకు పోవు తెలుగు స్త్రీలలో కడప, రాజంపేట, గోదావరి ప్రాంతములవారు హెచ్చు. కువైటు ప్రభుత్వము 2015లో చేసిన 68వ చట్టము దినమునకు పండ్రెండు గంటలకు మించని పనిని, వారమునకొక దినపు సెలవును, వేతనముతో గూడిన వార్షిక విరామమును విధించినది. మరుసటి యేట కనీసవేతనము 60 దినార్లుగా నిర్ణయమైనది. వీసా యజమాని చేతిలోనుండు స్పాన్సర్ పద్ధతి కొనసాగినంతకాలము ఈ చట్టము ఫలము పాక్షికమేయని చెప్పవలెను.

చట్టము, ఉద్యమము

అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వోద్యోగులు కారని సుప్రీంకోర్టు 2006లో అమీర్‌బీ కేసున తీర్పిచ్చెను. పదునాఱేండ్లకు, 2022 ఏప్రిల్ 25వ తేదీన, మణిబెన్ మగన్‌భాయి భారియా కేసున న్యాయమూర్తులు అజయ్ రస్తోగి, అభయ్ ఓకా, 1972 నాటి గ్రాట్యుటీ చట్టము కార్యకర్తలకును, ఆయాలకును వర్తించుననిరి. ఆహార భద్రతా చట్టము వచ్చిన పిదప వీరి విధులు చట్టవిహితములైనవన్నది అందలి ముఖ్యహేతువు. వీరు సేవికలా, కార్మికులా యను వివాదమున ప్రభుత్వముల వాదము మొదటి తీర్పును, సంఘముల వాదము రెండవదానిని ఆశ్రయించియున్నవి. విధులు, హాజరు, పర్యవేక్షణ, పదవీవిరమణ వయస్సు అన్నియు నిర్ణీతములైయుండగా వీరిని కార్మికులనుటయే సమంజసము.

ఇండ్లలో పనిచేయువారికై తమిళనాడు 2007లో గృహకార్మికుల సంక్షేమ మండలిని నెలకొల్పినది. కార్యస్థలమున లైంగిక వేధింపులను నిషేధించు 2013 చట్టము నివాసగృహమునుగూడ కార్యస్థలముగా పరిగణించినది. గృహకార్మికుల గౌరవప్రదమైన పనిని గూర్చిన 2011 నాటి 189వ అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము ధ్రువీకరింపలేదు.

ఉద్యమములలో ఆంధ్రప్రదేశపు అంగన్‌వాడీల సమ్మె ముఖ్యమైనది. 2023 డిసెంబరు 12వ తేదీన మొదలై నలువది రెండు దినములు సాగిన యీ సమ్మెపై ప్రభుత్వము జనవరి 6వ తేదీన అత్యవసర సేవల చట్టమును ప్రయోగించెను. సేవికల పని లేనిచో ప్రజాజీవనము నడువదని ఆ చర్యయే అంగీకరించినది. అత్యవసరమని యెంచిన పనికి కార్మికహోదాను నిరాకరించుట పరస్పరవిరుద్ధము.

పథకముల క్రింద పనిచేయువారిని కార్మికులుగా గుర్తించి, కనీసవేతనము, పింఛను, గ్రాట్యుటీ కల్పింపవలెనని 2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక సమ్మేళనము సిఫారసు చేసినది. ఈ సిఫారసు నేటికిని పూర్తిగా నెఱవేరలేదు. దానిని నెఱవేర్చుటయు, ఇండ్లలోని రోగిసేవకు వారమునకొక దినము విశ్రాంతిని, రాత్రి నిద్రకు నిర్ణీత కాలమును, బరువులెత్తు మెళకువలయందు శిక్షణను ఒప్పందములోనే చేర్చుటయు తక్షణకర్తవ్యములు. సహాయకురాలి నడుము, నిద్ర భద్రముగా నున్నప్పుడే రోగి సంరక్షణయు భద్రముగా నుండునని పాలకులును, కుటుంబములును గుర్తింపవలెను.