సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారం

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, తూర్పు కనుమల పీఠభూమి మీద హిందుస్తాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ నడుపుతున్న ఇంజన్ల విభాగం ఇది. భారత వైమానిక దళపు మిగ్, సుఖోయ్ యుద్ధ విమానాలకు ఇంజన్లు ఇక్కడ తయారయ్యాయి. సాలూరు దాటి ఘాట్ రోడ్డెక్కి సుంకి, పొట్టంగి, సిమిలిగుడ మీదుగా సునాబెడ చేరుకోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా ఈ కొండలూ, అరకు కొండలూ ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉండేవి.

విమానం పుట్టుకలోనే ఇంజన్ పెద్ద చిక్కు. రైట్ సోదరులకు 1902 నాటికే గ్లైడర్‌ను గాలిలో అదుపు చేయడం పట్టుబడింది. తేలికగా ఉండి తగినంత బలమిచ్చే ఇంజన్ కోసం మోటారు కంపెనీలకు ఉత్తరాలు రాస్తే పనికొచ్చేది ఎవరూ ఇవ్వలేకపోయారు. చివరికి వాళ్ల సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో 12 హార్స్‌పవర్ ఇంజన్ చేసిపెట్టాడు. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ దగ్గర ఆనాటి తొలి ప్రయత్నంలో విమానం 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరింది. నేటికీ యుద్ధ విమానాల జెట్ ఇంజన్‌ను పూర్తిగా సొంతంగా రూపొందించుకోగల దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. సునాబెడలో చేసేవీ రష్యా నమూనాలే, లైసెన్సు మీద. అయినా ఆ పనితనం చిన్నది కాదు.

సోవియట్ యూనియన్‌తో 1962లో కుదిరిన మిగ్-21 ఒప్పందం ఈ కర్మాగారానికి మూలం. విమానం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజన్లు కోరాపుట్‌లో చేయాలని పనిని మూడుచోట్ల పంచారు. అప్పటి ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ స్వయానా పైలట్. కర్మాగారం ఇక్కడికి రావడంలో ఆయన పట్టుదల ఉంది. 1964లో విభాగం ఏర్పడింది.

దీనికి భూములిచ్చినది ఆదివాసులు. గదబ, పరజ కుటుంబాలున్న చీకపార్ గ్రామాన్ని 1968లో మిగ్ ప్రాజెక్టు కోసం ఖాళీ చేయించారు. వాళ్లు వేరేచోట అదే పేరుతో మళ్లీ ఊరు కట్టుకుంటే, 1987లో ఎగువ కొలాబ్ ప్రాజెక్టు, నౌకాదళ ఆయుధ డిపోల పేరుతో అక్కడి నుంచీ లేపారు. మూడోసారీ కదలాల్సిన పరిస్థితి వచ్చింది. ఈ కథను పాత్రికేయుడు పి. సాయినాథ్ 1996లో వచ్చిన ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’లో రాశారు. కర్మాగారం ఘనత చెప్పేవారు చీకపార్‌ను వదిలేస్తే ఆ చరిత్ర సగమే.

మిగ్-21కు ఆర్-11, తర్వాత ఆర్-25, మిగ్-27కు ఆర్-29, సుఖోయ్-30 ఎంకేఐకి ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లు ఇక్కడ తయారయ్యాయి. ఏఎల్-31ఎఫ్‌పీ థ్రస్ట్ సుమారు 12,500 కిలోలు. అందులో టర్బైన్ బ్లేడ్ల మీదికి వచ్చే వాయువు వేడి 1,300 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నికెల్ మిశ్రలోహం మామూలుగా నిలవలేని వేడి అది. అందుకే అరచేతిలో పట్టే బ్లేడ్ లోపల సన్నటి దారులు చేసి వాటిగుండా గాలి పంపి చల్లబరుస్తారు. అంత సన్నటి దారులను డ్రిల్లింగుతో మాత్రమే చేయలేరు. ముందు పింగాణీ గర్భం పెట్టి చుట్టూ మైనంతో బ్లేడ్ రూపం పోస్తారు. దానిపైన పింగాణీ పూత పొరలు పొరలుగా ఎక్కించి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి, చివర్లో లోపలి గర్భాన్ని రసాయనాలతో కరిగించేస్తారు. పక్కనే ఉన్న బస్తర్‌లో ఘడ్వా కళాకారులు డోక్రా బొమ్మలు పోసేదీ మూలంలో ఈ పద్ధతే. వాళ్లు మట్టి గర్భం మీద మైనపు దారాలు చుట్టి ఇత్తడి పోస్తారు. ఈ కొండల చుట్టుపక్కల తరతరాలుగా ఉన్న విద్యకూ, జెట్ ఇంజన్‌కూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందన్నది పాఠ్యపుస్తకాల్లో రాయదగ్గ సంగతి.

మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న సేవ నుంచి తప్పుకున్నాయి. అయినా సునాబెడకు పని తగ్గలేదు. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ 26,000 కోట్ల రూపాయలకు పైగా విలువతో 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లలో వీటిని అందించాలి.