ఆబిడ్స్ పుస్తకవీథిలో రష్యన్ క్రియలు

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటకు పూర్వము, మాస్కోలోని ప్రగతి, మీర్, రాదుగ ప్రచురణాలయముల గ్రంథములు స్వల్పమూల్యమునకే ఆంధ్రదేశమునకు చేరుచున్న కాలమున, రష్యన్ నేర్వఁగోరిన హైదరాబాదు విద్యార్థికి పాఠ్యపుస్తకముల కొఱత అంతగా లేకుండెను. 1958లో ఆంగ్లబోధనకై వెలసిన కేంద్రసంస్థ 1972లో విదేశీభాషలను గూడ తన పేరున చేర్చుకొనుటతో ఈ నగరమున ఆ విద్యకు స్థిరమైన పీఠము లభించెను. ఆనాఁటి గ్రంథములు నాంపల్లికి చేరువనున్న ఆబిడ్స్ కాలిబాటలపై, ఆదివారపు పాతపుస్తకముల రాసులలో, వెదకువారికి నేఁటికిని దొరకుట కలదు.

అయితే ఏ గ్రంథమును ఎన్నుకొనవలెను? రష్యన్ క్రియ కేవలము రూపావళిచే వశమగునది కాదు. జరుగుచున్న లేక పలుమాఱులు జరుగు పనికొక రూపము, సమాప్తమైన పనికి వేఱొక రూపము ఉండుటయే గాక, ‘చెప్పుట’ను తెలుపు ‘గవరీత్’, ‘స్కజాత్’ వంటి జంటలలో ధాతువే మాఱిపోవును. ‘పిసాత్’ అను క్రియ ‘వ్రాయుదును’ అను అర్థమున ‘పిషూ’ యై అంత్యాక్షరమును ఊఁదఁగా, ‘వ్రాయుదువు’ అనునపుడు ‘పీషెష్’ యై ఊనిక మొదటికి మరలును. గమనక్రియలు మఱింత కఠినములు. మురవ్యోవా అను రచయిత్రి వానికే ప్రత్యేక గ్రంథము రచించుట సముచితము. బేయర్ అను రచయిత 1992 నాఁటి పుస్తకము 501 క్రియలను అకారాదిక్రమమున చూపుచు ప్రారంభకులకు మిక్కిలి అనుకూలమైనది.

కావున పాఠకుఁడా, వెల చెల్లించుటకు ముందు ‘పిసాత్’ ఉన్న పుటను తెఱచి చూడుము: జంటక్రియ, ఊనికగుర్తు, అది కోరు విభక్తి, ఈ మూఁడును అచ్చట లేనిచో ఆ పుస్తకమును విడిచిపెట్టుము.