గొప్ప ఛాయాచిత్రం

గొప్ప ఛాయాచిత్రం అనగా తీసిన సందర్భం ముగిసిపోయిన తరువాత కూడా చూపరుల మనస్సులో నిలిచి, వారిని ఆలోచింపజేసే ఛాయాచిత్రం. అయితే ఏ ఫోటోను గొప్పదిగా పరిగణించాలన్న విషయంలో ఛాయాగ్రాహకులకు, కళావిమర్శకులకు, పత్రికా సంపాదకులకు మధ్య ఏకాభిప్రాయం లేదు. సాంకేతిక నైపుణ్యమే ప్రధానమని కొందరు, సరైన క్షణాన్ని పట్టుకోవడమే ముఖ్యమని మరికొందరు, భావితరాలకు సాక్ష్యంగా ఉపయోగపడడమే అసలు కొలమానమని ఇంకొందరు వాదించారు. చిత్రంలో కనిపించే మనిషి పట్ల ఛాయాగ్రాహకుని బాధ్యత ఎంత అనే ప్రశ్న ఈ వాదనలన్నింటిలోను ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వంటి కరువు ప్రాంతాల చరిత్రతో ఈ ప్రశ్నకు దగ్గరి సంబంధం ఉంది.

చారిత్రక నేపథ్యం

1839లో ఫ్రాన్సులో లూయీ డాగేర్, ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తమ తమ పద్ధతులను ప్రకటించడంతో ఛాయాచిత్రకళ లోకానికి పరిచయమైంది. ఇది కళా, లేక కేవలం యంత్రం చేసే పనా అనే వివాదం త్వరలోనే మొదలైంది. ఫ్రెంచి కవి బోదెలేర్ 1859లో ఛాయాచిత్రం శాస్త్రాలకు, కళలకు సేవకురాలిగా ఉండవలసినదే తప్ప తానే కళ కాజాలదని విమర్శించాడు. దీనికి భిన్నంగా హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో ఐదు నెగటివులను కలిపి, మరణశయ్యపై ఉన్న యువతి దృశ్యాన్ని చిత్రలేఖనం వలె రూపొందించాడు.

అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఛాయాచిత్రం ప్రధానంగా దస్తావేజుగా ఉపయోగపడింది. ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైన లిన్నేయస్ ట్రైప్, అమరావతి స్తూపం నుండి మద్రాసుకు తరలించిన శిల్పాలను 1858లో ఫోటోలు తీశాడు. ఆ శిల్పాలలో అధికభాగం 1859లో లండనుకు చేరి, నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ట్రైప్ చిత్రాలలో నాటకీయత లేదు. శిల్పం ఉన్నది ఉన్నట్లు కనబడడమే వాటి లక్ష్యం. ఇంగ్లండుకు తరలిపోక మునుపు ఆ శిల్పాలు ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకోవడానికి ఈ చిత్రాలే ఆధారం కావడం వలన చరిత్రకారులు వాటిని విలువైనవిగా భావిస్తారు.

ప్రధాన అభిప్రాయాలు

సాంకేతిక నైపుణ్యం

ఈ వాదన ప్రకారం వెలుగు, నీడ, స్పష్టత, కూర్పులపై పూర్తి అదుపు ఉన్నప్పుడే గొప్ప చిత్రం పుడుతుంది. అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్ ఈ పక్షానికి ప్రముఖ ప్రతినిధి. ముద్రణలో నలుపు నుండి తెలుపు వరకు ఉండే ఛాయలను ఫోటో తీయకముందే నిర్ణయించుకొనే పద్ధతిని అతడు ఫ్రెడ్ ఆర్చరుతో కలిసి రూపొందించాడు. 1941లో హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయాన్ని తీసిన ఆడమ్స్, అదే నెగటివును తరువాతి దశాబ్దాలలో ఆకాశం మరింత నల్లగా కనిపించేట్లు ముద్రించాడు.

హైదరాబాదుతో సంబంధమున్న రాజా దీన్ దయాళ్ (1844-1905) కూడా సాంకేతిక నైపుణ్యానికి పేరుపొందినవాడు. మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన ఇతడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో ఏర్పాటు చేసి, దాని నిర్వహణను ఒక మహిళకు అప్పగించాడు. భవనాలు, దర్బారులు, వేట దృశ్యాలు తీసిన అతని గాజు పలకల నెగటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అయితే ఈ చిత్రాలు ప్రభువుల వైభవాన్ని వారు కోరిన విధంగానే చూపించాయన్నది విమర్శకుల అభిప్రాయం.

నిర్ణాయక క్షణం

ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు అన్రీ కార్టియే-బ్రెస్సన్ 1952లో ప్రచురించిన పుస్తకం ద్వారా ఈ భావన ప్రచారంలోకి వచ్చింది. ఒక సంఘటన అర్థము, దాని రూపము ఒకే లిప్తపాటులో కలిసే క్షణాన్ని గుర్తించడమే ఛాయాగ్రాహకుని ప్రతిభ అని దీని సారాంశం. తీసిన చిత్రం అంచులను తరువాత కత్తిరించరాదని కార్టియే-బ్రెస్సన్ నియమం పెట్టుకున్నాడు. అయినా పారిస్‌లో 1932లో నీటిగుంటపై దూకుతున్న మనిషిని తీసిన అతని ప్రసిద్ధ చిత్రం అంచులు కత్తిరించినదే.

విషయ పరిజ్ఞానం

తీయబోయే విషయాన్ని ముందుగా తెలుసుకున్నవాడే మంచి చిత్రం తీయగలడని మరొక అభిప్రాయం. 1946లో పుణెలో చరఖా పక్కన కూర్చున్న గాంధీజీని తీసిన మార్గరెట్ బోర్క్-వైట్, ఫోటోకు అనుమతి పొందడానికి ముందుగా నూలు వడకడం నేర్చుకోవలసి వచ్చింది. ఆ చిత్రంలో చరఖా ముందు భాగంలో పెద్దదిగాను, గాంధీజీ దాని వెనుకగాను కనిపిస్తారు.

కర్నూలు జిల్లాలో ఇందుకు చేనేతను ఉదాహరణగా చెప్పవచ్చు. మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఎమ్మిగనూరు మగ్గాలకు ప్రసిద్ధి. గుంటమగ్గంపై నేసేవారి కాళ్ళు నేలలో తవ్విన గుంటలో ఉండి తొక్కుడు చెక్కలను నడుపుతాయి. పైనుంచి రంగుల నూలును మాత్రమే తీసిన ఫోటో అందంగా ఉండవచ్చు. అయితే నేత పనిలో సగభాగం ఆ గుంటలోనే జరుగుతుందని తెలిసినవారు దానిని అసంపూర్ణ చిత్రంగానే చూస్తారు.

వ్యక్తిగత స్పందన

ఫ్రెంచి రచయిత రొలాఁ బార్త్ 1980లో వెలువరించిన గ్రంథంలో, ఫోటోలో అందరికీ అర్థమయ్యే సాధారణ విషయం ఒకటి, చూసేవారిని ముల్లులా గుచ్చే చిన్న అంశం మరొకటి ఉంటాయని వివరించాడు. రెండవది ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. తన తల్లి బాల్యంలో తీసిన ఒక ఫోటో గురించి ఆ పుస్తకంలో విస్తారంగా వ్రాసినప్పటికీ, ఇతరులకు అది మామూలు ఫోటోగానే కనిపిస్తుందన్న కారణంతో దానిని ముద్రించలేదు. తెలుగు ఇళ్ళలో గోడకు దండ వేసి ఉంచే పెద్దల ఫోటోలు ఈ కోవకే చెందుతాయి. పాస్‌పోర్టు సైజు ఫోటోనుండి పెద్దది చేయించగా ముఖం మసకబారినా, ఆ ఇంటివారికి అంతకు మించిన చిత్రం ఉండదు.

ధాత కరువు చిత్రాలు

1876-78 సంవత్సరాలలో దక్షిణ భారతదేశాన్ని పీడించిన క్షామాన్ని తెలుగువారు ధాత నామ సంవత్సరం పేరిట ధాత కరువు అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దీనివలన తీవ్రంగా నష్టపోయాయి. నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. ఈ కరువులో బ్రిటిష్ పాలిత ప్రాంతాలలోనే సుమారు 55 లక్షల మంది మరణించారని ఒక అంచనా.

మద్రాసు సైన్యానికి చెందిన అధికారి విలోబీ వాలెస్ హూపర్ (1837-1912) ఈ కరువు బాధితుల ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళవలె మారిన స్త్రీపురుషులు, పిల్లలు వరుసగా కూర్చుని లేదా నిలబడి కెమెరా వైపు చూస్తూ ఈ చిత్రాలలో కనిపిస్తారు. కరువు తీవ్రతను మాటలకంటె బలంగా చూపినందున ఇవి చరిత్ర గ్రంథాలలో ఇప్పటికీ తరచుగా ముద్రితమవుతున్నాయి.

ఈ చిత్రాల విషయంలో రెండు పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలున్నాయి.

* అనుకూల వాదన: దూరప్రాంతాల ప్రజలకు కరువు వాస్తవాన్ని కాదనలేని విధంగా తెలిపినవి ఇవే. ఇవి లేకుంటే లక్షలాది మంది మరణం అంకెలకే పరిమితమయ్యేది.
* ప్రతికూల వాదన: నిలబడే ఓపిక లేని మనుషులను వరుసలో అమర్చి తీసిన చిత్రాలివి. శీర్షికలు వారిని ఉచిత సహాయానికి అర్హులైన వర్గంగా పేర్కొన్నాయే తప్ప వారి పేర్లు, ఊర్లు చెప్పలేదు.

హూపర్ తరువాతి జీవితం ఈ రెండవ వాదనకు బలమిచ్చింది. 1886లో బర్మాలోని మాండలేలో ఖైదీలను తుపాకులతో కాల్చి చంపే సమయంలో ఫోటో తీస్తూ, కెమెరా సిద్ధమయ్యే దాకా ఆజ్ఞను ఆలస్యం చేశాడన్న ఆరోపణపై విచారణ జరిగి, అతడు బహిరంగ మందలింపుకు గురయ్యాడు.

చిత్రంలోని మనిషి

కరువు చిత్రాలపై వచ్చిన ప్రశ్న 20వ శతాబ్దపు ప్రసిద్ధ చిత్రాలపై కూడా వచ్చింది.

1936లో డొరోతియా లాంజ్ కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల శిబిరం వద్ద పిల్లలతో ఉన్న ఒక తల్లిని ఫోటో తీసింది. ఆమె వయస్సు వ్రాసుకున్నది కాని పేరు అడగలేదు. చిత్రం పత్రికలో రాగానే ప్రభుత్వం ఆ శిబిరానికి సుమారు 9 వేల కిలోల ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడినుండి వెళ్ళిపోయింది. 1978లో ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్‌గా వెలుగులోకి వచ్చిన ఆ తల్లి, ఆ ఫోటో వలన తనకు ఎటువంటి ప్రయోజనమూ కలుగలేదని వాపోయింది.

1993లో కెవిన్ కార్టర్ సూడానులో ఆకలితో కుప్పకూలిన బిడ్డను, దాని వెనుక వాలిన రాబందును తీశాడు. ఆ చిత్రానికి 1994లో పులిట్జర్ బహుమతి లభించింది. బిడ్డ ఏమయిందని, ఛాయాగ్రాహకుడు సాయం చేశాడా అని పాఠకులు ప్రశ్నించారు. అదే సంవత్సరం జూలైలో కార్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు.

1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి జరిగిన భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత, మట్టిలో పూడ్చబడుతున్న ఒక చిన్నారి ముఖాన్ని రఘు రాయ్ నలుపు తెలుపులోను, పాబ్లో బార్తొలోమ్యూ రంగులలోను తీశారు. రెండవ చిత్రం ఆ సంవత్సరపు ప్రపంచ పత్రికా ఛాయాచిత్ర పురస్కారం పొందింది. మొదటిది భారతదేశంలో ఆ దుర్ఘటనకు ప్రతీకగా నిలిచింది. ఒకే బిడ్డను, ఒకే చోట ఇద్దరు తీసినప్పుడు ఏది గొప్పదన్న చర్చలో రంగు, దూరం, కూర్పు మాత్రమే మాట్లాడుకోవడానికి మిగులుతాయి. ఆ బిడ్డ ఎవరో మాత్రం నిర్ధారణ కాలేదు.

అమెరికా రచయిత్రి సుసాన్ సొంటాగ్ 1977లో వెలువడిన తన వ్యాస సంపుటిలో, బాధను చూపే చిత్రాలు పదేపదే చూసిన కొద్దీ మనస్సును మొద్దుబారుస్తాయని వాదించింది. 2003లో వ్రాసిన మరొక పుస్తకంలో తన ఈ అభిప్రాయాన్ని తానే పునఃపరిశీలించి, అటువంటి చిత్రాలు మరువకుండా ఉండడానికి తోడ్పడగలవని అంగీకరించింది.

దేవరగట్టు ఉత్సవ చిత్రాలు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఏటా ఫోటోల ద్వారా దేశమంతటా కనిపించే సంఘటన దేవరగట్టు బన్ని ఉత్సవం. హొళగుంద మండలంలోని ఈ గట్టుపై విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాలను నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు కాపాడుకుంటూ ఉండగా, చుట్టుపక్కల గ్రామాలవారు వాటి కోసం కర్రలతో తలపడతారు. ఏటా పలువురికి గాయాలవుతాయి. దివిటీల వెలుగు, పైకి లేచిన కర్రలు, నెత్తుటి ముఖాలు ఛాయాగ్రాహకులను ఆకర్షిస్తాయి. హింసను మాత్రమే చూపిన చిత్రం ఒక వాదన ప్రకారం నిజాన్ని చాటుతుంది. భక్తుల దృష్టిలో అది పూజను, కల్యాణాన్ని, ఊరేగింపును వదిలివేసిన సగం నిజం. ఒక్క ఫోటోలో ఏది చేర్చాలి, ఏది విడిచిపెట్టాలి అన్నది కూడా గొప్పతనపు చర్చలో భాగమేనని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

సత్యము, మార్పులు

పత్రికా ఛాయాచిత్రంలో ఉన్నదానిని తొలగించడం, లేనిదానిని చేర్చడం సాధారణంగా నిషిద్ధం. కళా ఛాయాచిత్రంలో ఈ నియమం లేదు. ఆండ్రియాస్ గుర్‌స్కీ రైన్ నది చిత్రంలోనుండి కర్మాగారాన్ని, మనుషులను కంప్యూటరు ద్వారా తొలగించాడు. ఆ ముద్రణ 2011లో 43 లక్షల డాలర్లకు అమ్ముడయింది. 2022లో మాన్ రే తీసిన చిత్రపు ముద్రణ 1.24 కోట్ల డాలర్లు పలికింది. ధర చిత్రం అరుదుదనాన్ని, కొనేవారి ఆసక్తిని సూచిస్తుందే తప్ప గొప్పతనాన్ని కాదని పలువురి అభిప్రాయం.

2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడు సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పోటీలలో ఒక విభాగంలో గెలిచి, తన చిత్రం కృత్రిమ మేధతో తయారయినదని ప్రకటించి బహుమతిని తిరస్కరించాడు. కెమెరా ముందు ఒక మనిషి నిజంగా ఉండడం ఛాయాచిత్రానికి ఎంత అవసరమో ఈ సంఘటన మళ్ళీ చర్చకు తెచ్చింది.

పరిశీలనాంశాలు

ఒక్కొక్క వాదన వేర్వేరు ప్రశ్నకు సమాధానం చెబుతున్నందున వీటిలో ఏ ఒక్కటీ మిగిలినవాటిని పూర్తిగా కొట్టివేయలేదు. ఒక చిత్రం సాక్ష్యంగా అమూల్యమై ఉండి, అందులోని మనిషి పట్ల అన్యాయంగా ఉండవచ్చు. హూపర్ చిత్రాలు ఇందుకు ఉదాహరణ. విద్యార్థులు ఏదైనా ఫోటోను పరిశీలించేటప్పుడు ఈ క్రింది ప్రశ్నలు ఉపయోగపడతాయి.

* వెలుగు, కూర్పు, క్షణం ఈ చిత్రానికి ఏ విధంగా తోడ్పడ్డాయి?
* ఎవరు, ఎవరి కోసం, ఎందుకు తీశారు?
* చట్రానికి అవతల ఏమి మిగిలిపోయింది?
* ఇందులోని మనిషికి పేరు ఉన్నదా? అతని అనుమతి ఉన్నదా?
* శీర్షిక తీసివేస్తే చిత్రం అర్థం మారుతుందా?

ఇవి కూడా చూడండి

* రాజా దీన్ దయాళ్
* అమరావతి స్తూపం
* ధాత కరువు
* దేవరగట్టు
* ఎమ్మిగనూరు
* కోడుమూరు