నాగార్జునకొండ జలమార్గం

నాగార్జునకొండ జలమార్గం అంటే పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ రేవు నుంచి నాగార్జునసాగర్ జలాశయం మీదుగా నాగార్జునకొండ ద్వీపానికి లాంచీలు నడిచే దారి. ప్రయాణానికి ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది. లాంచీ సాగే నీటి కింద ఒక లోయ ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు రాజధానిగా చేసుకున్న విజయపురి ఆ లోయలోనే ఉండేది. ఆనకట్ట కట్టేటప్పుడు కుడి గట్టున వెలసిన ప్రాజెక్టు కాలనీకి మునిగిపోయే నగరం పేరే పెట్టారు. అందువల్ల విజయపురి అన్న పేరు నీటి పైనా ఉంది, నీటి అడుగునా ఉంది.

నది, లోయ

జలాశయం రాకముందు ఈ లోయకు మూడు వైపులా నల్లమల కొండలు, పడమటి వైపు కృష్ణ హద్దులుగా ఉండేవి. శ్రీశైలం దిగువన నది ఇరుకైన రాతి గట్ల నడుమ వడిగా దిగి, ఇక్కడికి వచ్చేసరికి కాస్త విశాలమయ్యేది. రాళ్ళ వల్ల పెద్ద పడవలు నడవడానికి వీలుండేది కాదు. కృష్ణలో సరుకుల పడవలు బారులు తీరి నడిచింది చాలా దిగువన, బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన డెల్టా కాలువల్లో. ఎగువన దాటడానికైనా, చేపల వేటకైనా పుట్టే గతి.

పుట్టి గుండ్రటి పడవ. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పూర్వం పైన పశువుల తోలు బిగించేవారు. తరువాతి కాలంలో తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. దీనికి ముందూ వెనుకా ఉండవు. తెడ్డు వేయడం తెలియనివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఎదురు నీటిలో దీన్ని నడపడం వృథా శ్రమ. ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోనిచ్చి, తెడ్డుతో వాలు సరిచేసుకుంటూ గట్టు చేరడమే పుట్టి నడిపే విద్య. తిరుగు ప్రయాణంలో దాన్ని నెత్తిన బోర్లించుకుని గట్టు వెంట నడిచి రావచ్చు. యూఫ్రటీస్ నదిలో తోలు పడవలు వాలు నీటిలో దిగివచ్చి, తోళ్ళు మాత్రం గాడిదల మీద తిరిగి వెళ్ళేవని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసినదీ ఇలాంటి పడవల గురించే. పదిహేడో శతాబ్దంలో వజ్రాల వ్యాపారం మీద గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే కూడా ఎద్దు తోలు కప్పిన బుట్టల్లో నది దాటడాన్ని వర్ణించాడు.

ఇక్ష్వాకుల రేవు

శాతవాహనుల తరువాత కృష్ణాతీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల్లో మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల శాంతమూలుడు, చివరివాడు రుద్రపురుషదత్తుడు. రాజులు వైదిక యజ్ఞాలు చేశారు. అంతఃపుర స్త్రీలు బౌద్ధానికి చేయూతనిచ్చారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ, వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో ఇక్కడి మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. ఒకే లోయలో విహారాలు, కార్తికేయుని గుడి, అష్టభుజస్వామి గుడి, హారీతి గుడి, మెట్ల వరుసలతో కట్టిన క్రీడా ప్రాంగణం, నది ఒడ్డున రాతి పలకలు పరిచిన స్నానఘట్టం ఉండేవి. ఈ స్నానఘట్టం ఇక్ష్వాకుల కట్టడ కౌశలానికి చక్కని ఉదాహరణ.

ఈ నగరానికి సముద్రంతో సంబంధం ఉండేది. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీన, వంగ, వనవాసి, యవన, తామ్రపర్ణి దేశాల ప్రస్తావన ఉంది. సింహళ భిక్షువులకు ఇక్కడ ప్రత్యేక విహారమే ఉండేది. అదే శాసనంలో కనిపించే కంటకసేల, దిగువన సముద్రానికి దగ్గరగా ఉన్న నేటి ఘంటసాల. గ్రీకు భూగోళవేత్త టాలెమీ కూడా దాన్ని పేర్కొన్నాడు.

కొండ పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. ఇక్ష్వాకు శాసనాలు దీన్ని శ్రీపర్వతమనీ, నగరాన్ని విజయపురి అనీ అంటాయి. ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడన్నది సంప్రదాయం. భదంత నాగార్జునాచార్యుని పేరున్న శాసనం దొరికింది ఇక్కడ కాదు, జగ్గయ్యపేటలో. అదీ ఇక్ష్వాకుల తరువాతి కాలానిది.

నాలుగో శతాబ్దంలో ఇక్ష్వాకుల పాలన ముగిశాక దాదాపు పదహారు వందల ఏళ్ళు ఈ లోయ చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపించదు. కొండ మీది కోట గోడలు రెడ్డిరాజుల నాటివని చెబుతారు.

తవ్వకాలు

1926లో సురపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు లోయలో నిలబడి ఉన్న ఒక పాత రాతి స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసులోని శాసన పరిశోధన కార్యాలయంలో తెలుగు సహాయకుడిగా పనిచేస్తున్న ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించాడు. అదే ఏడు ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ కూడా వచ్చాడు. ఒక బడిపంతులు చూపిన శ్రద్ధ లేకపోతే ఈ లోయ సంగతి బయటపడేలోగా నీళ్ళే ముందు వచ్చి ఉండేవేమో. ఆ తరువాత జరిగినదాన్ని బట్టి చూస్తే ఇది అతిశయోక్తి కాదు.

1927 నుంచి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. మహాచైత్యంలో బంగారు భరిణెలో భద్రపరచిన ధాతువు దొరికింది. అది తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. లాంగ్‌హర్స్ట్ నివేదిక 1938లో వెలువడింది. ఆ ఏడే టి.ఎన్. రామచంద్రన్ మరో విడత పని మొదలుపెట్టాడు. అప్పటికి ఇది కొండల మధ్య మారుమూల లోయ. పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న ఊళ్ళు, పొలాలు, అడవి తప్ప మరేమీ లేవు.

ముంపు

నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న ఆలోచన స్వాతంత్ర్యానంతరం బలపడింది. అది కార్యరూపం దాల్చడానికి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టు విడవకుండా పాటుపడ్డాడు. 1952లో ఖోస్లా కమిటీ ఈ స్థలాన్ని పరిశీలించింది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. సిమెంటు కాంక్రీటు కంటే రాతి కట్టడానికే మొగ్గు చూపడంతో వేలాది మంది కూలీలు రాళ్ళు మోసి, పేర్చి దీన్ని నిలబెట్టారు. రాతి భాగం పొడవు సుమారు 1,450 మీటర్లు, ఎత్తు 124 మీటర్లు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేర్లు. 26 గేట్లు బిగించే పని 1974లో ముగిసింది. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు.

ఆ మట్టానికి నీరు చేరితే లోయ మొత్తం మునుగుతుంది. అందుకే శంకుస్థాపనకు ముందే, 1954లో, భారత పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలుపెట్టింది. 1960 వరకు సాగిన ఈ పనిలో వందకు పైగా చోట్ల తవ్వారు. పాత రాతియుగపు పనిముట్లు, బృహచ్ఛిలా సమాధులు, ఇక్ష్వాకుల నగరం, మధ్యయుగపు గుళ్ళు ఒకదాని తరువాత ఒకటి బయటపడ్డాయి. గడువు ముందే తెలిసి, ఆ గడువులోగా ఇంత విస్తీర్ణంలో, ఇంత క్రమంగా తవ్విన సందర్భాలు దేశంలో అరుదు. తొమ్మిది కట్టడాలను రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, కొండ మీదికి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు తయారుచేశారు. సింహళ విహారం, మహాచైత్యం, స్నానఘట్టం ఈ విధంగా కొండ ఎక్కాయి. విశ్వవిద్యాలయంగా పిలిచే విహార సముదాయాన్ని, క్రీడా ప్రాంగణాన్ని, హారీతి గుడిని కుడి గట్టున అనుపులో పునర్నిర్మించారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను నైలు ముంపు నుంచి తప్పించే పని 1964లో మొదలైంది. ప్రపంచమంతా దాన్ని ఘనంగా చెప్పుకుంటుంది. నాగార్జునకొండలో తవ్వకాలు అంతకు నాలుగేళ్ళ ముందే పూర్తయ్యాయి.

రాళ్ళకు లెక్క ఉంది. ఏ స్తంభం ఎక్కడ దొరికింది, ఎక్కడ నిలబెట్టారు అన్నది నివేదికల్లో దొరుకుతుంది. లోయలోని ఊళ్ళ నిర్వాసితులకు మాత్రం అదే నివేదికల్లో అంత చోటు దక్కలేదు.

లాంచీల కాలం

నీరు ఎక్కిన కొద్దీ కొండ ద్వీపమైంది. 1966లో కొండ మీద మ్యూజియం ఏర్పడింది. శాసనాలు, సున్నపురాతి శిల్ప ఫలకాలు, నాణేలు, పూసలు అందులో ఉన్నాయి. అక్కడికి చేరడానికి నీటి దారి ఒక్కటే కావడంతో విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌కు ప్రాధాన్యం వచ్చింది. ప్రాజెక్టు కోసం పుట్టిన కాలనీలు చాలావరకు పని ముగిశాక చప్పబడిపోతాయి. విజయపురి సౌత్ నిలబడటానికి ఒక కారణం కుడి కాలువ తల ఇక్కడే ఉండటం, మరొకటి ఈ లాంచీలు. వచ్చినవారు ఇక్కడి నుంచే అనుపుకూ, చంద్రవంక వాగు మీది ఎత్తిపోతల జలపాతానికీ కూడా వెళ్తారు.

లాంచీ నడిపే సరంగుకు ఇప్పుడు ప్రవాహంతో పని తక్కువ. చూడవలసింది గాలి, నీటిమట్టం. నిండు జలాశయంలో గాలి లేస్తే అలలు లేస్తాయి, లాంచీలు రేవు దాటవు. ఎండాకాలంలో మట్టం కనీస స్థాయి 510 అడుగుల వైపు పడిపోతే రేవులు దిగువకు జరుగుతాయి, గట్టున బురద తేలుతుంది, మెట్లు పెరుగుతాయి. నీరు బాగా ఉన్న నెలల్లో ఎడమ గట్టు నుంచి శ్రీశైలం దాకా కూడా లాంచీలు నడిచాయి. నల్లమల నడుమ నుంచి సాగే ఆ ప్రయాణంలో పాత కృష్ణ ఎలాంటి గట్ల మధ్య పారేదో కొంత తెలుస్తుంది.

లోయలో చూడదగినవన్నీ నీరు రాకముందే పైకి చేరాయి. అడుగున మిగిలినవి తవ్వి వదిలిన పునాదులు, వాటి మీద ఏటేటా పేరుకునే ఒండ్రు. జలాశయం సామర్థ్యం మొదట 408 టీఎంసీలు, పూడిక వల్ల తరువాతి కొలతల్లో 312కు తగ్గింది. పాత పుట్ల వాడకం మాత్రం పూర్తిగా పోలేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు గట్ల మీద గుడిసెలు వేసుకుని, పుట్ల మీద వలలు వేస్తారు. లాంచీ దారి పక్కన పుట్టి కనిపిస్తే అది ఈ నీటి మీది అత్యంత పాత వాహనమని గుర్తించవచ్చు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పున్నమి బోటు మునిగిన తరువాత రాష్ట్రమంతటా పర్యాటక బోట్లు ఆగిపోయాయి. ఆ బోటును అక్టోబరులో ధర్మాడి సత్యం బృందం డైవర్ల సాయంతో బయటకు తీసింది. ప్రవాహం వేగం, లోతు, బురద కలిస్తే నదిలో మునిగి వెతకడం ఎంత కష్టమో ఆ వారాల్లో తెలుగువారంతా చూశారు. ఆ దుర్ఘటన ప్రభావం నిలిచిన నీటి మీద తిరిగే నాగార్జునకొండ లాంచీల మీద కూడా పడింది. అనుమతులు, లైఫ్ జాకెట్లు, వాతావరణ హెచ్చరికల విషయంలో నిబంధనలు బిగిశాయి. ఈ బిగింపు ముందే జరగవలసింది.

2014లో రాష్ట్రం విడిపోవడంతో ఆనకట్ట రెండు రాష్ట్రాల మధ్యకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ లాంచీలు విజయపురి సౌత్ నుంచి, తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీలు ఎడమ గట్టు నుంచి నడుస్తున్నాయి. ఎడమ గట్టున 2022 మే నెలలో బుద్ధవనం అనే బౌద్ధ పర్యాటక కేంద్రం ప్రారంభమైంది. అదే ఏడు ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి విడిపోయి పల్నాడు జిల్లా ఏర్పడటంతో విజయపురి సౌత్ అందులో చేరింది.

నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి, నీటిమట్టం, ప్రయాణికుల సంఖ్యను బట్టి లాంచీ వేళలు మారుతుంటాయి కాబట్టి, మాచర్ల నుంచి బయలుదేరే ముందే స్టేషన్‌లో వాకబు చేసుకోవడం మంచిది.