జైపూర్ ఫుట్: మన నోట్స్‌లో లేని రెండో పేరు

ముందుగా మీ నోట్స్ తెరవండి. ‘జైపూర్ ఫుట్ రూపకర్త ఎవరు?’ అన్నచోట ఏం రాసుకున్నారు? చాలామంది డాక్టర్ పి.కె.సేథీ అని రాసుకుని ముందుకు వెళ్లిపోతారు. నేనూ అంతే. తప్పు కాదు గానీ, అది సగం జవాబే.

1960లలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రికి వెళ్దాం. అక్కడ ఎముకల వైద్యుడు సేథీ కాలు పోయిన రోగులను చూస్తున్నారు. అప్పటి కృత్రిమ పాదం పాశ్చాత్య నమూనాది. కుర్చీలో కూర్చుని, బూటు వేసుకుని, చదునైన రోడ్డు మీద నడిచేవాడి కోసం చేసినది. మన రైతు సంగతి వేరు. ఒట్టి కాళ్లతో బురదలో దిగాలి, గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకుని అన్నం తినాలి, గుడి బయట చెప్పులు విడవాలి. వీటిలో ఒక్కటీ ఆ కాలితో కుదరలేదు. అందుకే చాలామంది దాన్ని మూలన పడేసి మళ్లీ ఊతకర్రలే పట్టారు. గమనించండి, ఇక్కడ ఓడిపోయింది రోగి కాదు, డిజైన్.

ఈ చిక్కు విప్పడంలో ముఖ్యుడు రామచంద్ర శర్మ. పెద్ద చదువులు లేవు, చేతిపని తెలిసిన శిల్పి. అందరూ ‘మాస్టర్‌జీ’ అనేవారు. రబ్బరును అచ్చులో పోసి, వేడితో గట్టిపరిచి పాదంగా మలచవచ్చన్న ఆలోచన అలా రూపు దిద్దుకుంది. టైర్లకు రీట్రేడింగ్ చేసే పద్ధతే ఇది. మడమ, ముందు పాదం స్పాంజి రబ్బరు. చీలమండ దగ్గర చెక్క. పైన చర్మం రంగు రబ్బరు పొర. అన్ని వైపులకూ వంగుతుంది, నీళ్లలో తడిసినా పాడవదు, చెప్పు లేకపోయినా నడవొచ్చు. 1968 నాటికి జైపూర్ ఫుట్ సిద్ధమైంది. ఏ ఆకారం ఎందుకు కావాలో శరీర నిర్మాణం తెలిసిన సేథీ చెప్పగలరు. దాన్ని చేసి చూపించేది మాస్టర్‌జీ. ఒకరు లేకుండా మరొకరి పని సాగేది కాదు.

1981లో రామన్ మెగసెసే అవార్డు మాత్రం సేథీకే వచ్చింది. అవార్డుకు ఆయన తగినవారే, అందులో సందేహం లేదు. కానీ పోటీ పరీక్షల పుస్తకాలు అవార్డుల జాబితాల నుంచే తయారవుతాయి కదా, రెండో పేరు అలా జారిపోయింది.

ఈ పాదానికి పేటెంట్ తీసుకోలేదు. 1975లో డి.ఆర్.మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా పేదల దాకా తీసుకెళ్లింది. మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్న అఫ్గాన్‌లకూ ఇది చేరింది. అన్నట్టు, మనవాళ్లకు దీని గురించి తెలిసింది చాలావరకు సినిమా వల్లే. జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ జీవితాన్ని సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీశారు, నటించిందీ ఆమే.

ఇక జీఎస్-3 వైపు వద్దాం. బయోనిక్ చేయి ఎలా పనిచేస్తుంది? మిగిలిన చేతి కండరం బిగిసినప్పుడు పుట్టే సన్నని విద్యుత్ సంకేతాన్ని చర్మంపై ఉన్న ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి, మోటార్లు వేళ్లను కదుపుతాయి. విడివిడిగా కదిలే వేళ్లున్న ఐ-లింబ్ 2007లో మార్కెట్‌కు వచ్చింది. ధర మాత్రం సామాన్యుడికి అందనంత. మరో దారి అభిరుచితో చేసేవాళ్లది. వేళ్లు పోగొట్టుకున్న దక్షిణాఫ్రికా వడ్రంగి రిచర్డ్ వాన్ ఆస్, అమెరికాలో యాంత్రిక చేయి చేసిన ఐవన్ ఓవెన్ ఇంటర్నెట్ ద్వారా కలిసి ‘రోబోహ్యాండ్’ తయారు చేశారు. మోటారు లేదు; మణికట్టు వంచితే తాళ్లు లాగి వేళ్లు ముడుచుకుంటాయి. త్రీడీ ప్రింటర్ ఉన్న ఎవరైనా చేసుకునేలా డిజైన్‌ను అందరికీ వదిలేశారు. ఇక్కడా ఒక చేతిపనివాడే కనిపిస్తున్నాడు, చూశారా?

కాబట్టి బయోనిక్ చేయి మీద జవాబు రాసేటప్పుడు ‘సెన్సర్లు, ఏఐ’ అని రాసి ఆపకండి. ఆ చేత్తో పప్పన్నం కలుపుకోవచ్చా? చెమటకు, దుమ్ముకు ఎన్నాళ్లు ఆగుతుంది? మోటారు చెడితే మండల కేంద్రంలో బాగుచేసేవాడు ఉన్నాడా? జైపూర్‌లో 1960లలో అడిగినవి ఇలాంటి ప్రశ్నలే.

మెయిన్స్ సాధన: ‘సాంకేతికత వాడుకరి జీవన విధానానికి తగ్గట్టు ఉండాలి.’ జైపూర్ ఫుట్ ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు) జవాబులో రెండు పేర్లూ ఉండాలి.