కృత్రిమ అనురణనం: మరుగునపడిన రెండు దశాబ్దాలు

మూలధ్వని ఆగిన తరువాత కూడా గదిలో కాసేపు నిలిచి క్రమంగా సన్నగిల్లే నాదమే అనురణనం. రికార్డింగ్ వాడుకలో రివర్బ్. దీనిని డిజిటల్‌గా సృష్టించిన చరిత్రను 1961లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో మొదలుపెట్టి, ఈఎంటీ 250 (1976), లెక్సికాన్ 224 (1978) యంత్రాల మీదుగా నేరుగా కన్వల్యూషన్‌కు, అంటే నిజమైన గది స్పందనను నమోదుచేసి ధ్వనికి జోడించే పద్ధతికి, తెచ్చి ముగించడం పరిపాటి. ఈ కథనంలో యంత్రాలకు దక్కిన చోటు గణితానికి దక్కలేదు.

ష్రోడర్ పద్ధతి సుపరిచితమే. ధ్వనిని కొన్ని మిల్లీసెకన్లు ఆపి, కొంత తగ్గించి, మళ్లీ తమలోకే పంపుకునే నాలుగు కోంబ్ ఫిల్టర్లు పక్కపక్కన పనిచేస్తాయి. వాటి వెనుక రెండు ఆల్‌పాస్ ఫిల్టర్లు ప్రతిధ్వనుల సంఖ్యను పెంచుతాయి. అయితే ఒక్క చప్పట్టు శబ్దాన్ని దీని గుండా పంపితే, చివర ఇత్తడి పళ్లెం మోగినట్టు లోహపు రొద మిగలడం కద్దు. ఈ కోంబ్ ఫిల్టర్ల నాలుగు వలయాల్లో ఒకదానిలోని శక్తి మరొకదానిలోకి పోకపోవడం ఇందుకు ఒక ముఖ్యకారణం; నిజమైన గదిలోనైతే ఒక గోడను తాకిన ధ్వని మిగతా గోడలన్నింటికీ చేరుతుంది.

ఈ లోపానికి విరుగుడును ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త మైకేల్ గెర్జన్ 1970ల తొలి ఏళ్లలోనే సూచించాడు. వలయాల నుంచి వెలువడే ధ్వనులను ఒక మాత్రిక ద్వారా కలగలిపి తిరిగి అన్నింటికీ పంచాలని, ఆ మాత్రిక మొత్తం శక్తిని పెంచకుండా, తగ్గించకుండా ఉంటే వ్యవస్థ అదుపు తప్పదని ఆయన వాదన. 1976లో దానిని సాధారణ సూత్రంగా ప్రకటించాడు. 1982లో పరిశోధకులు స్టాట్నర్, పకెట్ నాలుగు వలయాలతో అటువంటి నిర్మాణాన్నే వివరించారు. అయినా నేడు ఇటువంటి నిర్మాణాన్ని సూచించే ‘ఫీడ్‌బ్యాక్ డిలే నెట్‌వర్క్’ అన్న పేరు వినగానే 1991 నాటి పరిశోధకులు జో, షేన్‌ల పత్రమే స్ఫురిస్తుంది. ఆ పత్రం ఘనత తక్కువదేమీ కాదు: నష్టంలేని వలను ముందు కట్టి, ప్రతి వలయంలో దాని నిడివికి తగినంత క్షీణతను చేర్చే మార్గం అందులో స్పష్టమైంది. ధ్వని 2 సెకన్లలో 60 డెసిబెల్స్ తగ్గాలంటే, 50 మిల్లీసెకన్ల వలయం ప్రతి చుట్టుకూ 1.5 డెసిబెల్స్, 80 మిల్లీసెకన్లది 2.4 డెసిబెల్స్ కోల్పోవాలి. పౌనఃపున్యాన్ని బట్టి ఈ లెక్కను మార్చుకోవచ్చు కూడా. కానీ వలను నిలబెట్టే మూలసూత్రం గెర్జన్‌ది. తయారీదారులు తమ అల్గారిథమ్‌లను వ్యాపార రహస్యాలుగా దాచుకున్నందున నాటి యంత్రాలపై ఆ సూత్రం ప్రభావమెంతో తేల్చడం కష్టం. అంతమాత్రాన దానిని విస్మరించడం న్యాయం కాదు.

1995లో పరిశోధకుడు గార్డనర్ ఆలస్యం లేని కన్వల్యూషన్‌ను సాధ్యం చేశాక, నిజమైన మందిరాల స్పందనను నమోదుచేసి వాడుకోవడమే పరాకాష్ఠ అన్న అభిప్రాయం బలపడింది. ఒక ప్రత్యేక మందిరపు తొలి ప్రతిఫలనాలను పట్టుకోవడంలో దానికి సాటిలేదు. అయితే అది ఒక చోటి స్పీకర్‌కు, ఒక చోటి మైక్‌కు మధ్య తీసిన నిశ్చలచిత్రం. గాయకుడు నాలుగడుగులు కదిలినా ఆ చిత్రం కదలదు. అంతకంటే విచారకరం మరొకటి: 2000లో వెలువడి ఎన్నో సాఫ్ట్‌వేర్లలోకి పాకిన ఉచిత కోడ్ ఫ్రీవర్బ్‌లోనూ ఎనిమిది కోంబ్ ఫిల్టర్లు, నాలుగు ఆల్‌పాస్‌లే ఉన్నాయి, వలయాలను కలిపే మాత్రిక లేదు.