నేలను విడిచి నీటికెక్కిన సేనాని

మన పూర్వులు సేనను చతురంగబలమని వర్ణించిరి. రథములు, గజములు, తురగములు, పదాతులు, ఈ నాలుగును నేలపై నిలిచి పోరునవియే. వీనిలో ఒక అంగమునందు ఆరితేరినవాడు మఱియొక అంగమునకు మాఱుట సులభము కాదు. ఇక నేలను విడిచి నీటిపై యుద్ధము చేయుట యన్నచో వేఱొక లోకమునకు పోవుటయే. అట్టి మార్పునకు ఏబదియవ యేట పూనుకొని కృతార్థుడైన యొక పురుషుని వృత్తాంతము ఇంగ్లండు చరిత్రమున కలదు. అతడు రాబర్టు బ్లేక్.

బ్లేక్ 1598వ సంవత్సరమున సోమర్సెట్ మండలమందలి బ్రిడ్జ్‌వాటర్ అను రేవుపట్టణమున నొక వర్తకుని యింట జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, అచట విద్వత్పదవి నాశించి, అది లభింపక యింటికి మరలెను. 1640లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1642లో మొదటి చార్లెస్ రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము సంభవింపగా, పార్లమెంటు పక్షమున కత్తి పట్టెను. 1644లో రాజపక్షమువారు లైమ్ అను తీరపట్టణమును ముట్టడించినప్పుడు దానిని కాపాడినవారిలో అతడు ముఖ్యుడు. నేలవైపు దారులు మూతపడినను, పార్లమెంటు ఓడలు సముద్రమార్గమున సరకులు చేర్చుటచే ఆ యూరు నిలిచెను. ఓడల విలువను బ్లేక్ అచ్చటనే కన్నులార చూచెను. పిమ్మట టాంటన్ పట్టణమును సైతము ముట్టడికి లొంగనీయక 1645 వఱకు నిలిపి కీర్తి గాంచెను.

1648లో నౌకాదళమున కొంత భాగము తిరుగబడి రాజపక్షమున చేరెను. 1649లో రాజునకు మరణశిక్ష జరిగెను. తిరుగబడిన యోడలకు రాజు మేనల్లుడగు రూపర్టు నాయకుడయ్యెను. అతడును అంతకుముందు అశ్వదళనాయకుడే! క్రొత్త ప్రభుత్వమునకు నౌకానైపుణ్యముకంటె విశ్వాసపాత్రత ముఖ్యమయ్యెను. కావున ఆ యేడే పోఫమ్, బ్లేక్, డీన్ అను ముగ్గురు కర్నలులను 'సముద్ర జనరల్' అను పేరున నౌకాధిపతులుగా నియమించిరి. వారిలో పోఫమ్ పూర్వము యుద్ధనౌకకు కప్తానుగా నుండినవాడు. డీన్ ఫిరంగిదళమున పేరుగాంచినవాడు. బ్లేక్ కోటగోడలను కాచినవాడు.

నేలపై సేనాని ఆజ్ఞను రౌతు మోసికొనిపోవును. సముద్రమున జెండాలతో సైగ చేయవలెను. నేలపై యుద్ధకాలమును సేనాని యెన్నుకొనవచ్చును. సముద్రమున గాలియు, ఆటుపోటులును అనుకూలింపవలెను. సరంగులును, నావికులును ఎఱిగిన విద్య సేనానికి తెలియనప్పుడు, అధికారము తనదైనను వారి మాటకు చెవియొగ్గక తప్పదు. బ్లేక్ ఈ విద్యను త్వరితముగనే గ్రహించెను. 1650లో లిస్బన్ రేవునెదుట రూపర్టును నెలల తరబడి దిగ్బంధించెను. ఆ యేడే స్పెయిను తీరమున కార్టజీనాకడ రూపర్టు ఓడలలో పెక్కింటిని నాశమొందించెను.

అసలైన పరీక్ష 1652లో డచ్చివారితో యుద్ధమున వచ్చెను. ఆ సంవత్సరాంతమున డంజెనెస్ కడ, తన ఓడలకు సుమారు రెట్టింపు ఓడలు గల ట్రోంప్ అను డచ్చి నౌకాధిపతిని ఎదిరించి బ్లేక్ ఓడిపోయెను. తన కప్తానులలో కొందఱు పోరునకు దూరముగా నిలిచిరి. ఈ పదవి తన శక్తికి మించినదనియు, తన్ను విడుదల చేయవలసినదనియు అతడు ప్రభుత్వమునకు వ్రాసికొనెను. అయినను కప్తానుల నడతను విచారింపుడని కోరుట మానలేదు. ప్రభుత్వము అతనిని తొలగింపలేదు. విచారణ జరిపించెను. నౌకాదళమున క్రమశిక్షణకై యుద్ధనిబంధనలను శాసించెను. ఆఱితేఱిన నావికుని నెలజీతమును 19 షిల్లింగులనుండి 24 షిల్లింగులకు పెంచెను. శిక్షతోపాటు కూలియు సరిగా నుండవలెనని గ్రహించుట మెచ్చదగినది.

1653 ఆరంభమున పోర్ట్‌లండ్ కడ బ్లేక్ తొడకు గాయమైనను డచ్చివారిని తఱిమెను. పిమ్మట బ్లేక్, డీన్, పోఫమ్ మరణానంతరము నియుక్తుడైన మాంక్, ఈ మువ్వురి పేర యుద్ధసూచనలు వెలువడెను. ఓడలు గుంపుగా పడక, ఒకదాని వెనుక నొకటి బారు తీరి పోరవలెనని అందు విధించిరి. మాంక్ సైతము నేలసేనలో పెరిగినవాడే. నావికుల యనుభవమును సైనికుల క్రమమును అందు కలిసికొనెను. ఆ యేడు జూనులో గాబర్డ్ యుద్ధమున ఈ పద్ధతి ఫలించెను. డీన్ అందు మరణించెను. రెండవనాడు బ్లేక్ తన ఓడలతో వచ్చి కలిసికొనెను.

1657 ఏప్రిల్‌లో కేనరీ ద్వీపములందలి శాంతాక్రూజ్ రేవున, కోటల ఫిరంగులు గర్జించుచుండగా, లంగరు వేసియున్న 16 స్పానిష్ ఓడలను ధ్వంసము చేయించెను. తన ఓడ యొక్కటియు పోలేదు. ఆ ఆగస్టులో స్వదేశమునకు మరలుచు, ప్లిమత్ రేవు చేరుచున్న తరుణముననే ఓడపై ప్రాణము విడిచెను. వెస్ట్‌మినిస్టర్ ఆలయమున అతనిని సమాధి చేసిరి.

రాజరికము మరల వచ్చిన పిదప, 1661లో అతని కళేబరమును ఆలయమునుండి త్రవ్వి తీసి వెలుపల గుంటలో పూడ్చిరి. ఆ సంవత్సరమే రాజుగారి పార్లమెంటు నౌకాదళమునకు శాసనము చేయుచు, బ్లేక్ ఓటమి పిమ్మట వెలసిన యుద్ధనిబంధనలనే మాదిరిగా గైకొనెను. సమాధిని త్రవ్వినవారికి ఆ నిబంధనలు లేక గడవలేదు. ఏబదియవ యేట క్రొత్త విద్యకు కూర్చుండి, ఓటమిని దాచక చెప్పుకొని, దానినుండి నేర్చినవాని శ్రమ యిట్లు నిలిచినది. గ్రంథాలయమున బల్లచెంత ఆలస్యముగా కూర్చుండినవారు ఈ చరిత్రమును తలచుకొందురు గాక.